ఒరవడి నుంచి స్వీయచరిత్ర దాకా: జ్ఞాపకాల రచన నేర్పిన గ్రంథాలు

మన పాఠశాలల వ్యాసరచనాభ్యాసంలో ఒక విచిత్రమైన సంప్రదాయం చాలాకాలంగా కొనసాగుతూ వస్తున్నది. విద్యార్థిని ఆత్మకథ రాయమంటారు. అయితే అది అతని ఆత్మకథ కాదు. రూపాయి నాణెం ఆత్మకథ, చిరిగిన పుస్తకం ఆత్మకథ, ఊరి చివరి మర్రిచెట్టు ఆత్మకథ. ‘నేను’ అని మొదలుపెట్టి కథ చెప్పే విద్యను పిల్లలు ఈ నోరులేని వస్తువుల తరఫున అభ్యసిస్తారు. తమ ఇంటిని గురించి, తాతగారు వలస వచ్చిన దారిని గురించి, తల్లి చేసే పనిని గురించి ఒక పుట రాయమని వారిని అడిగే ప్రశ్నపత్రం అరుదు. స్వీయచరిత్ర మహాపురుషులు వృద్ధాప్యంలో రాసుకునేదనీ, పిల్లలకు దానితో పని లేదనీ మనలో పాతుకుపోయిన అభిప్రాయమే ఇందుకు కారణం కావచ్చు.

చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. జ్ఞాపకాలు రాయడం పుట్టుకతో వచ్చే శక్తి కాదు. అది ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న విద్య. వీధిబడిలో పంతులుగారు పలక పైభాగాన ఒక పంక్తి రాసి ఇస్తే, పిల్లవాడు దానిని చూస్తూ కింద రాసేవాడు. ఆ పై పంక్తిని ఒరవడి అన్నారు. స్వీయచరిత్ర రచనకూ ఇటువంటి ఒరవడులు ఉన్నాయి. ఏ ఒరవడిని ఎవరి ముందు పెట్టారన్న దానిని బట్టి ఏ జీవితాలు అక్షరాలకెక్కాయో, ఏవి ఎక్కలేదో నిర్ణయమైంది. ఢిల్లీ నగరంలో తెలుగు చదువుకుంటున్న విద్యార్థుల దృష్టితో ఈ విషయాన్ని ఒకసారి సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చక్రవర్తి అడిగిన జ్ఞాపకాలు

ఢిల్లీలో నిజాముద్దీన్ ప్రాంతాన హుమాయూన్ సమాధికి కొద్ది దూరంలోనే అబ్దుల్ రహీమ్ ఖాన్ఖానా సమాధి ఉన్నది. హిందీ దోహాల కవిగా రహీమును అందరూ ఎరుగుదురు. బాబరు చగతాయి తురుష్క భాషలో రాసుకున్న స్వీయచరిత్రను పారశీకంలోకి అనువదించి 1589లో అక్బరుకు సమర్పించినవాడు కూడా ఆయనే. మొగలు వంశంలో స్వీయచరిత్ర రచనకు బాబరు గ్రంథమే మొదటి ఒరవడి. పుచ్చకాయల రుచి మొదలుకొని పరాజయాల వరకు, తాగుడు వ్యసనం మొదలుకొని తోటల పెంపకం వరకు దాపరికం లేకుండా రాయవచ్చునని ఆ గ్రంథం నిరూపించింది.

బాబరు మంచి ఉపాధ్యాయుడు కూడా. 1528లో కుమారుడు హుమాయూనుకు రాసిన లేఖను ఆయన తన గ్రంథంలో పొందుపరిచాడు. కుమారుడి ఉత్తరంలోని వర్ణక్రమదోషాలను ఎత్తిచూపి, పాండిత్య ప్రదర్శన కోసం భాషను క్లిష్టం చేసుకోవద్దనీ, సరళంగా, స్పష్టంగా రాస్తే రాసేవాడికీ చదివేవాడికీ శ్రమ తగ్గుతుందనీ అందులో హితవు చెప్పాడు. నాలుగైదు శతాబ్దాల తరువాత కూడా ఏ భాషోపాధ్యాయుడైనా తన తరగతి గదిలో ఈ సలహాను యథాతథంగా చెప్పవచ్చు.

తరువాతి ఘట్టం మరింత ఆసక్తికరమైనది. అక్బరునామా రచనకు సామగ్రి సేకరిస్తున్న సందర్భంలో, బాబరు, హుమాయూనుల కాలాన్ని ఎరిగినవారందరూ తమకు జ్ఞాపకమున్నంత వరకు రాసి ఇవ్వవలసిందిగా అక్బరు ఆదేశించాడు. జ్ఞాపకాల రచనను ఒక అభ్యాసంగా, గడువుతో కూడిన పనిగా అప్పగించిన సందర్భం ఇది. ఆ ఆదేశాన్ని పాటించినవారిలో ముగ్గురు ముఖ్యులు. మొదటివారు అక్బరుకు మేనత్త అయిన గుల్‌బదన్ బేగం. రెండవవాడు హుమాయూనుకు నీళ్ళ కూజా అందించే కొలువు చేసిన జౌహర్ ఆఫ్తాబ్చీ. మూడవవాడు వంటశాల అధికారిగా పనిచేసిన బయాజీద్ బయాత్. వృద్ధాప్యం వల్ల స్వయంగా రాయలేక బయాజీద్ చెబుతుండగా లేఖకుడు రాసుకున్నాడు.

ముగ్గురి కథావస్తువూ ఒకటే: హుమాయూన్ పతనం, ప్రవాసం, పునరాగమనం. అయినా మూడు గ్రంథాలు మూడు లోకాలు. గుల్‌బదన్ గ్రంథంలో యుద్ధాలకన్న అంతఃపుర స్త్రీల రాకపోకలు, విందులు, వియోగాలు ఎక్కువ. 1539లో చౌసా యుద్ధపు గందరగోళంలో జాడ తెలియకుండా పోయిన స్త్రీలనూ పిల్లలనూ ఆమె పేరుపేరునా తలచుకున్నది. హుమాయూనును వివాహమాడడానికి హమీదా బాను నలభై రోజులపాటు అంగీకరించలేదన్న సంగతిని నమోదు చేసింది. రాజు చెంతనే నీళ్ళపాత్ర పట్టుకొని నిలిచిన జౌహర్‌కు ప్రవాసంలోని ఆకలి, దాహం, ఎడారి కనిపించాయి. ఒకే సంఘటన ఎవరు ఎక్కడ నిలబడి చూశారన్న దానిని బట్టి మారుతుందనే చారిత్రక సూత్రాన్ని బోధించడానికి ఇంతకంటె మంచి పాఠ్యం దొరకడం కష్టం.

ఈ ఘట్టంలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. జౌహర్ సాదా రచనను ఆస్థానానికి తగినట్లు మెరుగుపరచే పని ఇలాహ్‌దాద్ ఫైజీ సర్హిందీ అనే పండితుడు చేశాడు. గుల్‌బదన్ గ్రంథానికి ఒకే ఒక్క అసంపూర్ణ ప్రతి మిగిలింది. లండన్‌లో భద్రపరచబడిన ఆ ప్రతి ఒక వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. చక్రవర్తికి కావలసింది తన చరిత్రకు ముడిసరుకు మాత్రమే. అయితే నేడు చరిత్రకారులు అక్బరునామాతో సమానమైన శ్రద్ధతో ఈ ‘ముడిసరుకు’ను చదువుతున్నారు. విద్యార్థుల రాతలను దిద్దే చేతులకు ఇది గుర్తుండవలసిన విషయం.

ఇదే పరిసరాల్లో, 1641లో, ఆగ్రా నివాసి అయిన జైన వర్తకుడు బనారసీదాసు ‘అర్ధకథానకం’ రచించాడు. మనిషికి పూర్ణాయువు నూటపదేళ్ళని లెక్కగట్టి, యాభై అయిదవ ఏట రాసినది కనుక దానికి సగం కథ అని పేరు పెట్టుకున్నాడు. వ్యాపారంలో సొమ్ము పోగొట్టుకోవడం, ఆగ్రాలో కచోరీలు అమ్మేవాడి దగ్గర నెలల తరబడి అరువు మీద తినడం వంటి సంగతులు అందులో ఉన్నాయి. భారతీయ భాషల్లో తొలి స్వీయచరిత్రగా పేర్కొనబడే ఈ గ్రంథం రాసినవాడు రాజు కాడు, యోధుడు కాడు. నష్టాలు చవిచూసిన ఒక వర్తకుడు.

తెలుగులో ఒరవడులు

తెలుగు సాహిత్యంలో కవి తన్ను గురించి చెప్పుకొనడానికి అవతారికలో చోటుండేది. వంశం, గురువు, కృతిభర్త, కావ్యం పుట్టిన సందర్భం అక్కడ చెప్పుకోవడం మర్యాద. అయితే అది నియమబద్ధమైన పరిచయమే గాని జీవితకథనం కాదు. తన కంటితో చూసినదానిని తేదీల వారీగా వచనంలో రాయవచ్చునని విపులంగా చూపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చే వరకు సాగిన ప్రయాణాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపుతూ వచ్చాడు. ఆ మిత్రుడే దానిని 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా ప్రకటించాడు. మజిలీల దూరాలు, దొరికే నీళ్ళు, అంగళ్ళు, ధరలు, ఆచారాలు, అధికారుల తీరు అన్నీ అందులో ఉన్నాయి. వినేవాడు ఒకడు ఎదురుగా ఉన్నాడన్న భావంతో రాయడం వల్ల ఆ వచనానికి ప్రాణం వచ్చింది.

వీరాస్వామయ్య సమకాలికుడు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఒంగోలు ప్రాంతీయుడు, మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు. ఆయన స్వీయచరిత్ర ఇంగ్లీషులో రాసుకున్నాడు. కుమారుడు దానిని 1873లో అచ్చు వేయించాడు. తెలుగువాడు తన జీవితాన్ని రాసుకోవాలనుకున్నప్పుడు పరభాషలో రాయవలసిరావడం ఆలోచించదగినది. ఆనాటి చదువుల స్వరూపం కొంత కారణం. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని వర్ణించి, కంఠస్థం చేసే పద్యాల భాష వాడుక భాషకు దూరం కావడం వల్ల వాటి అర్థం వారికి తెలియడం లేదని రాశాడు. అర్థం తెలియని పాఠం ఎంత గొప్పదైనా చేతిరాతకు ఒరవడి అవుతుందేమో గాని ఆలోచనకు కాదు.

కందుకూరి వీరేశలింగం పంతులు ‘స్వీయచరిత్రము’ 1911లోను, 1915లోను రెండు భాగాలుగా వెలువడడంతో తెలుగు భాషలోనే ఈ ప్రక్రియకు స్థిరమైన రూపం ఏర్పడింది. నాలుగేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్న బాలుడు వీధిబడి చదువు నుంచి సంఘసంస్కర్తగా ఎదిగిన క్రమం, 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో జరిపించిన తొలి వితంతు వివాహం, ఎదురైన బహిష్కారాలు అందులో ఉన్నాయి. జీవితాన్ని సమాజసేవకు సాక్ష్యంగా చూపడం ఈ గ్రంథం వేసిన బాట. తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహం, కొండ వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం వంటి వారు ఆ బాటలో తమ తమ నడకతో నడిచారు.

1925లో నవజీవన్ పత్రికలో ఆత్మకథ ప్రారంభించేటప్పుడు గాంధీజీకి కూడా ఈ ప్రశ్న ఎదురైంది. ఆత్మకథ పాశ్చాత్యుల అలవాటు గదా, మనకెందుకని ఒక మిత్రుడు సందేహించాడు. తాను రాయబోయేది సత్యంతో చేసిన ప్రయోగాల కథ మాత్రమేనని గాంధీజీ సమాధానపడ్డారు. ప్రక్రియ బయటిదైనా ప్రయోజనం తనదిగా చేసుకోవచ్చునని దీని భావం.

ఈ గ్రంథాల నుంచి విద్యార్థులకు ఏ భాగాలు ఇవ్వాలన్నది ఉపాధ్యాయుని వివేకం. ప్రకాశం ‘నా జీవిత యాత్ర’లో మంత్రిత్వాల ఘట్టం కన్న, భర్త పోయిన తరువాత ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించిన ఘట్టం పదిహేనేళ్ళ విద్యార్థికి దగ్గరవుతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ మరొక విధంగా ఉపకరిస్తుంది. వేదశాస్త్రాల కుటుంబంలో పుట్టి, తెలుగు రచన పట్ల మక్కువ పెంచుకున్న యువకుని ఘర్షణ అందులో ఉన్నది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకు గ్రంథగౌరవం కలిగించవచ్చునన్న ధైర్యాన్ని ఆ పుస్తకం ఇచ్చినంతగా వ్యాకరణ పాఠాలు ఇవ్వలేవు.

ఒరవడిలో లేనివారు

పైన పేర్కొన్న తెలుగు రచయితలందరూ పురుషులు, దాదాపు అందరూ అగ్రవర్ణాలవారు. ఇవే గ్రంథాలు తరతరాలుగా ఒరవడులైతే, వాటిలో తన ఇంటిని పోలిన ఇల్లు కనిపించని విద్యార్థి తన జీవితం రాయదగినది కాదని తీర్మానించుకుంటాడు. ఇది సాహిత్య లోపంతో ఆగదు, చరిత్రకు నష్టం కూడా. ఎందుకంటే రాయబడనిది కొంతకాలానికి జరగనిదిగానే మిగులుతుంది.

ఈ కొరత తీర్చే ప్రయత్నాలు జరిగాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది. చదువు ఎక్కువగా లేని స్త్రీ చెప్పిన మాట యథాతథంగా అచ్చులోకి వచ్చినప్పుడు ఎంత బలం కలిగి ఉంటుందో అది తెలియజేసింది. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్ళు దాటిన వయసులో ‘నిర్జన వారధి’ని 2012లో పాఠకులకు అందించారు. మరాఠీలో దయా పవార్ ‘బలూత’ (1978), హిందీలో ఓంప్రకాశ్ వాల్మీకి ‘జూఠన్’ (1997) దళిత జీవితాన్ని ఆత్మకథగా రాసే దారి వేశాయి. తెలంగాణ నేలకు చెందిన వై. బి. సత్యనారాయణ 2011లో తన తండ్రి బాలయ్యను కేంద్రంగా చేసుకొని, రైల్వే కొలువుల ఆసరాతో చదువు వైపు నడిచిన దళిత కుటుంబం కథను ఇంగ్లీషులో రాశారు. అది తెలుగులోకి కూడా వచ్చింది. వెన్నెలకంటి వారి నాటి నుంచి తెలుగువాని జీవితం మొదట ఇంగ్లీషులో వెలువడడం అనే ఆనవాయితీ ఇంకా అంతరించలేదని కూడా ఇది సూచిస్తున్నది.

అనుకరణ, అభ్యాసం

ఒక గ్రంథాన్ని ముందుంచుకొని రాయడం నేర్చుకోవడం అనుకరణ కాదా అన్న ప్రశ్న సహజం. ఆలంకారికులు దీనిని విస్మరించలేదు. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని వేరువేరుగా చర్చించి, పూర్వకవుల నుంచి గ్రహించడంలో ఏది దోషమో, ఏది నైపుణ్యమో తరతమ భేదాలతో వివరించాడు. అమెరికా దేశనాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్రలో తాను వచనం నేర్చుకున్న పద్ధతిని వివరించాడు. ‘స్పెక్టేటర్’ పత్రికలోని వ్యాసాన్ని చదివి, ఒక్కొక్క వాక్యం భావాన్ని క్లుప్తంగా గుర్తు రాసుకొని, కొన్ని రోజులు పక్కన పెట్టి, ఆ గుర్తుల ఆధారంగా తన మాటల్లో తిరిగి రాసి, మూలంతో పోల్చి తప్పులు సరిదిద్దుకునేవాడు.

ఇరవయ్యవ శతాబ్దం చివరి దశకాలలో ఈ పద్ధతికి విద్యాశాస్త్రంలో స్థానం లభించింది. డోనాల్డ్ గ్రేవ్స్ 1983లో ప్రకటించిన గ్రంథం పిల్లలను రచయితలుగా పరిగణించి, వారు తమకు తెలిసిన విషయం ఎంచుకొని చిత్తుప్రతులు రాసే అవకాశం ఇవ్వాలని వాదించింది. కేటీ వుడ్ రే 1999లో, రచయిత చదివే పద్ధతిలో చదవడం పిల్లలకు నేర్పాలని ప్రతిపాదించారు. మామూలు పాఠకుడు ‘ఏమి జరిగింది’ అని అడుగుతాడు. రాయదలచినవాడు ‘ఇది ఎక్కడ మొదలుపెట్టాడు, ఏమి వదిలివేశాడు, ఎందుకు ఇక్కడ ఆగాడు’ అని అడుగుతాడు. మన తరగతి గదుల్లో మొదటి ప్రశ్నకు జవాబులు రాయించడంతోనే సంవత్సరం గడిచిపోతున్నది.

తెలుగు గ్రంథాలతో ఈ పని చేయడం కష్టం కాదు. వీరాస్వామయ్య మజిలీ ఒకటి చదివించి, విద్యార్థి తాను ఢిల్లీ నుంచి స్వస్థలానికి చేసిన రైలు ప్రయాణాన్ని ఊళ్ళు, వేళలు, ధరలు, తోటి ప్రయాణికుల మాటలు తప్పిపోకుండా ఒక బంధువుకు లేఖగా రాయవచ్చు. ప్రకాశం తల్లి ఘట్టం చదివిన తరువాత, తన ఇంట్లో ఎవరి శ్రమ మీద చదువు నడుస్తున్నదో రాయవచ్చు. గుల్‌బదన్, జౌహర్ కథనాలను పక్కపక్కన పెట్టి, ఇంట్లో జరిగిన ఒక పెళ్ళినో, ఇల్లు మారడాన్నో అమ్మమ్మ, తండ్రి, తాను ముగ్గురూ ఎలా జ్ఞాపకం పెట్టుకున్నారో విచారించి రాయవచ్చు. ఈ చివరి అభ్యాసంతో విద్యార్థి చరిత్రకారుని పని కూడా తెలియకుండానే ప్రారంభిస్తాడు. ఆధారాలు విభేదించినప్పుడు ఏమి చేయాలన్నదే చరిత్ర రచనలో మొదటి పాఠం గదా.

ఢిల్లీలో రెండు ఉదాహరణలు

రాజధానిలో తెలుగు చదువుకు పునాది వేసినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యులు. ఆమె చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు ప్రవాసాంధ్రుల పిల్లలకు తెలుగు అందుబాటులోకి తెచ్చాయి. ఆమె స్వీయచరిత్ర ‘చింతామన్ అండ్ ఐ’ 1980లో ఇంగ్లీషులో వెలువడింది. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛంద సేవికగా నిలిచిన ఆ బాలిక, టిక్కెట్టు లేని జవాహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్ళనివ్వని సంఘటన సుప్రసిద్ధం. పద్నాలుగేళ్ళ వయసులోని అనుభవం కూడా చరిత్రలో భాగం కాగలదని, అదే వయసులో ఉన్న విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటె తగిన పాఠం ఉండదు.

రెండవ ఉదాహరణ తెలుగుది కాదు గాని ఇదే నగరానిది. అంకుర్ అనే విద్యాసంస్థ, వికాసశీల సమాజాల అధ్యయన కేంద్రానికి చెందిన సరాయ్ విభాగం కలిసి 2001లో ఎల్.ఎన్.జె.పి. బస్తీలో ‘సైబర్ మొహల్లా’ పేరిట యువతీయువకుల కోసం ఒక కార్యక్రమం ప్రారంభించాయి. తరువాత దక్షిణపురి, నంగ్లా మాంచీలకు అది విస్తరించింది. అక్కడి పిల్లలు రోజూ కలుసుకొని తమ వీధిని, నీళ్ళ పంపును, పొరుగువారిని గురించి రాసి ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. విన్నదాని ప్రభావంతో తిరిగి రాసేవారు. అంటే తోటివారి రాతే వారికి ఒరవడి అయింది. యమునా తీరాన ఉన్న నంగ్లా మాంచీని 2006లో కూల్చివేసినప్పుడు, ఆ బస్తీ ఎలా జీవించిందో చెప్పగలిగిన రాతలు ఈ యువతీయువకుల దగ్గర మిగిలాయి. సుమారు ఇరవైమంది రచనలు 2007లో హిందీలో ‘బహురూపియా శహర్’గాను, 2010లో ‘ట్రిక్‌స్టర్ సిటీ’ అనే ఆంగ్లానువాదంగాను గ్రంథరూపం పొందాయి. నివాసం పోయినా చరిత్ర పోలేదు.

ఢిల్లీ తెలుగువారికి ఇటువంటి అవసరం లేదనలేము. స్వాతంత్ర్యానంతరం కేంద్ర కార్యాలయాల కొలువులకు వచ్చిన గుమాస్తాలు, కట్టడం పనులకు వచ్చిన కూలీలు, తరువాతి కాలంలో నోయిడా, గుర్‌గ్రామ్‌ల కంప్యూటర్ సంస్థలకు వచ్చిన ఇంజనీర్లు, వారందరి జ్ఞాపకాలు ఇళ్ళలోనే ఉన్నాయి. ఆ జ్ఞాపకాలున్న పెద్దలు తెలుగులో చెబుతారు. మూడవ తరం పిల్లలు అర్థం చేసుకుంటారు, కొందరు మాట్లాడతారు, రాయగలవారు తక్కువ. పెద్దల గొంతు, పిల్లల లేఖిని ఒకేచోట ఉన్న కాలం పరిమితమైనది. అది దాటితే ఈ వలసల చరిత్రకు మిగిలేవి జీతాల రిజిస్టర్లు, క్వార్టర్ల కేటాయింపు పత్రాలు మాత్రమే.

కొన్ని జాగ్రత్తలు

ఈ పనికి పూనుకునేవారు మూడు విషయాలు గమనించాలి. మొదటిది, జ్ఞాపకానికి మార్కులు వేయడం. వాక్యనిర్మాణానికి, వివరాల స్పష్టతకు మార్కులు వేయవచ్చు గాని జీవితానికి వేయరాదు. పెద్ద కష్టం రాసిన పిల్లకు పెద్ద మార్కు వస్తుందన్న అభిప్రాయం ఏర్పడితే తరగతి మొత్తం కల్పిత కష్టాలతో నిండిపోతుంది. రెండవది, రాయకుండా ఉండే హక్కు. కులం, పేదరికం, కుటుంబ కలహాలు వంటి విషయాలు నలుగురిలో చదివించడం వల్ల విద్యార్థికి హాని జరగవచ్చు. ఏది చెప్పాలి, ఏది దాచుకోవాలి అన్న నిర్ణయం రాసేవారిదే. బాబరు అన్నీ రాశాడు కనుక అందరూ రాయాలని లేదు.

మూడవది భాష. ఢిల్లీ పిల్లల తెలుగులో హిందీ పదాలు దొర్లుతాయి, విభక్తులు తారుమారవుతాయి. మొదటి ప్రతిలోనే ఎర్రసిరాతో అన్నీ దిద్దితే జౌహర్ రచనకు పట్టిన గతే వీటికీ పడుతుంది. రాసినదాన్ని ముందు విని, విషయం నిలిచిన తరువాత వర్ణక్రమం చూడడం మేలు. మొదటి ప్రతిని కూడా భద్రపరచడం ఇంకా మేలు. భాష ఎలా మారుతున్నదో రేపటి పరిశోధకునికి అదే ఆధారం.

మాతృభాషలో బోధనకు 2020 జాతీయ విద్యావిధానం ప్రాధాన్యం ఇచ్చింది. ఆ ఆశయానికి తెలుగులో ఒక నిర్దిష్ట రూపం ఇవ్వాలంటే పెద్ద వ్యయం అక్కరలేదు. వీరాస్వామయ్య నుంచి కోటేశ్వరమ్మ వరకు పది పన్నెండు ఘట్టాలు, గుల్‌బదన్, బనారసీదాసు, వాల్మీకి రచనల నుంచి కొన్ని అనువాదాలు కలిపి నూరు పుటల సంకలనం ఒకటి చాలు. ఒక్కొక్క ఘట్టం ఎదుట ఒక పుట ఖాళీగా విడిచిపెట్టాలి. ప్రచురణ సంస్థలు, పాఠశాలలు, ప్రవాస సంఘాలు కలిసి ఈ చిన్న పనికి పూనుకుంటే, ఆ ఖాళీ పుటల్లో చేరే రాతల్లో కొన్నయినా ఈ నగరపు తెలుగువారి చరిత్రకు ఆధారాలుగా నిలుస్తాయి.